రెండుంబావు చప్పుడు

రోజు 1

చేతిగదిలో ఈవేళ మొదటి రోజు. పని దిగాక పది నిమిషాలు పెన్నుతో ఏదో ఒకటి రాయాలట. పొద్దంతా సముద్రం అడుగున ఇనుప చేతులు తిప్పినవాళ్ళకి, ఇంటికి వెళ్ళాక స్టీలు గ్లాసు ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలియదు. నాలుగు ముక్కలు రాస్తే వేళ్ళు మళ్ళీ మన కొలతకి వస్తాయని డాక్టరు చెప్పిందట. ఏం రాయమంటారని అడిగితే మా సూపర్‌వైజరు ఢిల్లేశ్వరరావు గారు, "మీ ఇష్టమమ్మా, ఎవులూ సదవరు" అన్నారు. చదవకపోతే మరీ మంచిది. నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నన్ను ఊరికే అనలేదు.

నేను నూకరత్నం. మూడేళ్ళపాటు ఇదే పని ఇంట్లో కూర్చుని చేశాను. మా నీలంరేవుకి తొమ్మిది మైళ్ళ అవతల, ఆరువందల మీటర్ల లోతులో అడుగిల్లు ఉంది. తొమ్మిదిమంది అక్కడ మూడేసి నెలలు ఉండి చల్లనీళ్ళ గొట్టాన్ని కాపలా కాస్తారు. ఆ గొట్టంలోంచి పైకి వచ్చే నీళ్ళు మా గోడల్లో తిరుగుతాయి కాబట్టే ఎండాకాలం బతుకుతున్నాం. పొద్దున పదికి ఎండ సైరను మోగితే మళ్ళీ సాయంత్రం ఐదుకి మోగేదాకా ఊళ్ళో కుక్క కూడా బయటికి రాదు.

అడుగింటికి బయటివైపు, పట్టాల మీద నడిచే ఇనుప చేతులు రెండు జతలున్నాయి. ఒడ్డున మేం తొడుగులు వేసుకుని వేలు కదిపితే అక్కడ అవి కదులుతాయి. బోల్టులు బిగించడం, బురద తుడవడం, గోడకి పగుళ్ళున్నాయేమో చూడటం. ఇంటిపని లాంటిదే, కాకపోతే కళ్ళకి చీకటి, ఒంటికి తడి అంటదు.

పోయిన నెలలో ఇళ్ళలో పెట్టిన యంత్రాలన్నీ వెనక్కి తీసుకుని అందరినీ చేతిగదికి రమ్మన్నారు. మా ఎరుకమ్మకి మూడున్నరేళ్ళు. దాన్ని ఎరుకీ అంటాం. ఇదే వరండా చివర పిల్లల గదిలో వదిలాను. నా కుర్చీ నుంచి ఆ తలుపుకి నలభై రెండు అడుగులు. కానీ తొడుగులు విప్పడానికి పది నిమిషాలు, మళ్ళీ ఒక్కో వేలూ సరిచూసుకుని వేసుకోవడానికి ఇరవై. విరామం రోజుకి ఒక్కటే, పన్నెండింటికి. ఈవేళ వెళ్ళేసరికి అది పప్పన్నం తింటోంది. నన్ను చూసి తినడం మానేసి ఏడుపు మొదలుపెట్టింది. ఆయా జయమణి నన్నే బయటికి పంపింది.

రోజు 4

ఎరుకి మధ్యాహ్నం పడుకోవడం లేదట.

"అందరూ పడుకుంటారమ్మా. మీ గుంటే కూకొని గోడ సూస్తాది. నాను జోకొడితే నా సెయ్యి తీసి పక్కన ఎట్టేస్తాది," అంది జయమణి.

సాయంత్రం చల్లబస్సులో నా ఒళ్ళోనే పడిపోతోంది. ఇంటికి వచ్చాక లేచి కూర్చుని పదింటిదాకా ఆట. దానికి అప్పుడు తెల్లవారుతుంది, నాకు అప్పటికి ప్రాణం పోతుంది. వాళ్ళ నాన్న గౌరీసు ఉప్పు పడవ మీద ఇరవై రోజులకి ఒకసారి వస్తాడు. ఫోనులో చెబితే, "సెలవెట్టీ రెండ్రోజులు" అన్నాడు. రెండు రోజులు సెలవు పెడితే మూడోరోజు మళ్ళీ పిల్ల కూర్చుని గోడ చూడదా? ఆ మాటే అని ఫోను పెట్టేశాను. పాపం, అతను మాత్రం అక్కడినుంచి ఏం చెయ్యగలడు.

ఇంటి యంత్రానికి కాలి దగ్గర ఒక పెడలు ఉండేది. అది తొక్కితే ఎడమ తొడుగు ఆగిపోతుంది. నా పక్కనే చాప మీద ఎరుకిని బోర్లా పడుకోబెట్టి, పెడలు తొక్కి, తొడుగుతోనే వీపు మీద జోకొట్టేదాన్ని. కుడిచెయ్యి అడుగింటి బోల్టు మీద, ఎడమచెయ్యి పిల్ల వీపు మీద. ఒక్కరోజు కూడా ఒక పనికి రెండోది అడ్డం రాలేదు. ఈ కుర్చీలకి పెడళ్ళు లేవు. ఒకటి పెట్టించమని అడిగితే ఢిల్లేశ్వరరావు గారు దరఖాస్తు రాయమన్నారు. ఆయన పేరులో ఢిల్లీ ఉందని గల్లీలోకి కూడా ఫైలు లేనిదే అడుగు పెట్టరు.

రోజు 9

అడుగింటికి పెద్ద షకీలా గారు ఈవేళ లైన్లోకి వచ్చారు. కింద రాత్రి కాపలావాళ్ళు నలుగురు మధ్యాహ్నం పడుకుంటారు. వాళ్ళ పడకగది గోడని బయటినుంచి ఎవరో కొడుతున్నారట. వారం రోజులుగా, రోజూ రెండుంబావుకి.

"ఎవరో అంటే ఎవరండీ?" అన్నాను.

"అదే నేనూ అడుగుతున్నాను రత్నం. మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు. మళ్ళీ మూడు. పావుగంట. ఆరువందల మీటర్ల నీళ్ళ కింద మాకు పొరుగింటివాళ్ళు లేరు కదా."

పొద్దుటి షిఫ్టులో రెండో జత చేతులు తిప్పే పైడితల్లి మాకందరికీ అప్ప. పాతికేళ్ళుగా ఈ పనిలో ఉంది. ఒంటిగంటన్నరకే ఆవిడ పని అయిపోతుంది కానీ ఎండ సైరను వల్ల ఐదుదాకా ఇక్కడే కాళ్ళు చాపుకుని తమలపాకులు నమలాలి. ఆవిడ సంగతి విని, "గంగమ్మ తల్లి తలుపు కొడతన్నాదే. అడక్కండా ఆవిడింట్లో ఇల్లు కట్టేస్తే ఊరుకుంటాదేటి?" అంది.

నవ్వాను. నవ్వు ఎంతోసేపు లేదు. ఆ చప్పుడు ఎక్కడినుంచో కనిపెట్టే పని నాకే రాశారు. మధ్యాహ్నం పడకగది వైపు పని నాదే.

రోజు 12

పడకగది దగ్గర గొట్టాన్ని పట్టి ఉంచే రింగులు పన్నెండు నుంచి పదహారు దాకా అన్నీ చూశాను. పద్నాలుగో రింగు బోల్టు ఒకటి అరచుట్టు వదులు. బిగించాను. రెండుంబావుకి షకీలా గారు లైన్లోనే ఉన్నారు.

"ఇదిగో, ఇప్పుడే, ఇప్పుడే మొదలైంది!"

కుడిచెయ్యి ఆపి కెమెరా తిప్పాను. చప్పుడు ఆగిపోయింది. గోడ ఖాళీగా ఉంది. మళ్ళీ బోల్టు పనిలో పడ్డాక మళ్ళీ మొదలైందట. నేను చూస్తే మానేస్తుంది, చూపు తిప్పితే మొదలెడుతుంది. అచ్చం మా ఎరుకి చక్కెర డబ్బా దగ్గర చేసే పనే.

ఎరుకి మీద ఈవేళ కొత్త ఫిర్యాదు. తను పడుకోకపోగా పక్క పిల్ల వీపు మీద కొడుతోందట. ఆ పిల్ల లేచి ఏడ్చింది, దాంతో ఆరుగురు లేచారు. "ఇలాగైతే మీ గుంటని మద్దేన్నం ఏరేగా కూకోబెట్టాల," అంది జయమణి. వేరేగా అంటే సామాన్ల గదిలో. నా పిల్లని సామాన్ల గదిలో కూర్చోబెడితే మర్యాద దక్కదని చెప్పి వచ్చాను. చెప్పానే గాని, రేపు పొద్దున మళ్ళీ ఆవిడ చేతిలోనే కదా పెట్టి రావాలి. బస్సు దిగగానే కొట్టులో ఆవిడకి అరడజను అరటిపళ్ళు కొనాలి.

రోజు 17

సోమవారం లోపల కారణం తెలియకపోతే పద్నాలుగో రింగు కోసి కొత్తది వెయ్యాలని పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. చేతుల కదలికల రికార్డు తీసి చూశారు, ఆ సమయంలో వేరే కదలిక ఏమీ లేదు. "సేతులు కాదు, సేప కాదు. ఇంక రింగే," అన్నారు ఢిల్లేశ్వరరావు గారు.

రింగు కోసినంతసేపూ తొమ్మిదిమందీ ఒక్క గదిలోకి చేరి తలుపు బిగించుకోవాలి. గొట్టం ఆరుగంటలు ఆపాలి. మే నెలలో ఆరుగంటలు. ఆ రింగు తీశాక గొట్టం ఒక్క జానెడు జరిగిందంటే ఆ గది గోడ మీదే పడుతుంది. కొయ్యాల్సింది నేను.

చప్పుడు రికార్డు చేసి పంపారు. ఇంటికి పట్టుకెళ్ళి వినమన్నారు.

రోజు 19

నిన్న సాయంత్రం జరిగింది రాస్తున్నాను. పని దిగాక జరిగింది కాబట్టి నిన్నటి పేజీలో లేదు.

ఆరున్నరకి వంటింట్లో చాప వేసుకుని గోంగూర ఆకు దూస్తున్నాను. ఫోను నేల మీద పెట్టి ఆ చప్పుడు వింటున్నాను. మూడు, ఆగి, రెండు. మూడు, ఆగి, రెండు. రింగు వదులైతే ఇంత తూకంగా మోగదు. నీటి ఊపుకి గొలుసు తగిలినా ఇలా ఉండదు. ఎరుకి అటువైపు గిన్నెల మూతలన్నీ పరిచి బస్సు ఆట ఆడుతోంది. కాసేపటికి మూతల చప్పుడు ఆగింది. అది లేచి వచ్చింది. నావైపు చూడలేదు. ఫోను పక్కన చాప మీద బోర్లా పడుకుని, నోట్లో బొటనవేలు పెట్టుకుంది. గోంగూర కట్ట సగం కాకముందే నిద్రపోయింది.

పద్దెనిమిది రోజులుగా మధ్యాహ్నం మెలకువగా కూర్చుని గోడ చూసే పిల్ల.

నా ఎడమచేతిలో గోంగూర కాడ ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. మూడు తట్టి, ఒక ఊపిరి ఆగి, రెండు. మా అమ్మ నాకు అలాగే కొట్టేది. మా వీధిలో ఇంకెవరూ అలా కొట్టేవారు కాదు. జయమణి చెయ్యి ఎరుకి తీసి పక్కన పెట్టిందంటే పెట్టదా మరి.

రోజు 20

ఈవేళ రెండుంబావుకి కెమెరా చూడలేదు. నా కాలు చూసుకున్నాను. రెండు గంటల పద్నాలుగు నిమిషాలకి నా కుడిపాదం చెప్పులోంచి బయటికి వచ్చి, నున్నటి నేలని గట్టిగా తొక్కింది. అక్కడ పెడలు లేదు. పందొమ్మిది రోజులుగా తొక్కుతున్నానేమో, అక్కడ నేల మీద నా బొటనవేలి జిడ్డు మచ్చ కట్టింది. ఆ తరవాత ఎడమచెయ్యి మొదలుపెట్టింది.

కుడిచెయ్యి పనిచేస్తుంటే ఎడమచేతిని గోడకి ఆనించి ఉంచాలి, లేకపోతే నీటి ఊపుకి నిలకడ ఉండదు. కెమెరా ఎప్పుడూ కుడిచేతి మీదే. అంత మెత్తటి కదలికని రికార్డు నీటి ఊపుగా లెక్కకట్టి వదిలేస్తుంది. నేను మాత్రం నాకు తెలియకుండా, ఆరువందల మీటర్ల కింద, తొమ్మిదిమంది ఉన్న ఇనుప ఇంటికి రోజూ పావుగంట జోకొడుతున్నాను. ఏడవాలో నవ్వాలో తెలియక, బోల్టు బిగించాను.

అదనపు కదలిక రుజువైతే ఏడాదిపాటు తొడుగులు ఇవ్వరు. రమణమ్మ అనే ఆవిడకి ముక్కు దురద పెట్టి గోక్కున్నందుకు కింద ఒక దీపం పగిలింది, అంతే, తొడుగులు పోయాయి. తొడుగులు పోతే చల్లనీళ్ళ గోడల క్వార్టరు పోతుంది, పిల్లల గది పోతుంది. రమణమ్మ ఇప్పుడు గట్టు వెనక రేకుల ఇంట్లో ఉంటోంది. ఆ ఇంట్లో ఎరుకి ఎండాకాలం ఎలా గడుపుతుంది?

రోజు 21

ఏమీ చెప్పలేదు. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఒక చేతిని ఒడ్డున కూర్చుని పట్టుకోలేనా, నేను పట్టుకుంటే చప్పుడు ఆగుతుంది, రింగు మార్చారు కాబట్టే ఆగిందనుకుంటారు, అందరూ సుఖంగా ఉంటారు అనుకున్నాను. పైడితల్లప్ప నా మొహం చూసి, "ఏటైనాదే, సేపముల్లు మింగినట్టున్నావు?" అంది. ఏమీ లేదన్నాను.

దిగబోయే ముందు షకీలా గారు లైన్లో అడిగారు.

"సోమవారం రింగు కోసే చేతులు ఎవరివి?"

"నావేనండి."

"అయితే ఫరవాలేదు. నీ చెయ్యి నెమ్మది. మావాళ్ళకి అదే చెప్పాను."

ఈ పది నిమిషాల్లో ఇంతకుమించి రాయలేను.

రోజు 22

చెప్పేశాను. పొద్దున బస్సు దిగి తిన్నగా ఢిల్లేశ్వరరావు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన టీ తాగుతున్నారు.

"రింగు కొయ్యక్కర్లేదండీ. అది నా చెయ్యి."

"మీ సెయ్యి ఏటమ్మా?"

"జోకొడుతోంది."

"ఎవుల్ని?"

"ఎవర్నీ కాదు. అదే గొడవ."

ఆయనకి అర్థం కాలేదు. సరిగ్గా రాసి ఇవ్వమన్నారు. ఈ చిట్టా ఆయన బల్ల మీద పెట్టాను. "ఇరవై ఒక్క రోజులుగా రాసిందే. ఎవరూ చదవరన్నారు. ఇప్పుడు చదవండి," అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివారు. మధ్యలో ఒకచోట ఆగి, "ఢిల్లీ గల్లీ అన్నది మట్టుకు బాగులేదమ్మా," అన్నారు. గోంగూర దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. టీ చల్లారిపోయింది.

తరవాత చిట్టా నాకు తిరిగి ఇచ్చి, ఉత్తర్వు ప్రకారం నా తొడుగులు తీసి సీలు వేశారు. విచారణ అయ్యేదాకా తొడుగులు కడిగే గదిలో పని. సంతకం పెట్టాను. నిజం చెప్పానన్న ధైర్యం గుమ్మం దాకానే వచ్చింది, బయటికి రాగానే రేకుల ఇల్లు కళ్ళముందు నిలబడింది.

రోజు 25

నాలుగు రోజులుగా తొడుగులు కడుగుతున్నాను. చెమట కంపు. కానీ ఈ గదిలో చేతులు తుడుచుకుంటే చాలు, ఎక్కడికైనా వెళ్ళచ్చు. రెండుంబావుకి నా కుర్చీ దాటి ఆ నలభై రెండు అడుగులు వేస్తున్నాను. ఎరుకి బోర్లా పడుకుని నాకోసం తలుపు చూస్తుంటుంది. మూడు, ఆగి, రెండు. అయిదు నిమిషాలు పట్టదు. సాయంత్రం బస్సులో కబుర్లు చెబుతోంది, ఎనిమిదిన్నరకి పడుకుంటోంది. ఉద్యోగం ఊడే ముందు ఇంత సంతోషంగా ఉండటం సిగ్గుచేటే, కానీ ఉన్నాను.

రింగు కొయ్యడం మానేశారు. కింద చప్పుడు లేదు.

రోజు 27

ఢిల్లేశ్వరరావు గారు పరుగులాంటి నడకతో కడిగే గదికి వచ్చారు. చేతిలో కాగితాలు.

కిందవాళ్ళు పడుకోవడం లేదట. మొదటి వారం ఆ చప్పుడుకి భయపడినవాళ్ళే, ఏమిటో తెలియకపోయినా అలవాటు పడ్డారట. ఇప్పుడు అది తల్లి జోకొట్టే చెయ్యి అని తెలిశాక, అది లేకపోతే నలుగురూ కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నారు. రాత్రి కాపలాలో ఒకతను నిలబడే తూలాడు. నెల రోజుల నిద్ర లెక్కలు తీసి చూస్తే, చప్పుడు ఉన్న రోజుల్లో నిద్ర నలభై నిమిషాలు ఎక్కువ. అందుకని పెద్దాఫీసువాళ్ళు నా మీద విచారణ కొట్టేసి, అదే పనిని డ్యూటీలో రాశారు. పేరు "మధ్యాహ్న శబ్ద పరీక్ష". రోజూ రెండుంబావు నుంచి రెండున్నర దాకా. తొడుగులు వెనక్కి, క్వార్టరు ఎక్కడిదక్కడే.

"అదృష్టమంటే మీదేనమ్మా. తప్పుకి ప్రమోషను ఇచ్చినట్టు," అన్నారాయన.

ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేశాను. రెండుంబావు అన్న మాట కాగితం మీద కళ్ళారా చూశాను. చూసి కూడా బుర్రకి ఎక్కలేదు. క్వార్టరు ఉందన్న ఒక్క మాటే చెవుల్లో మోగుతోంది.

రోజు 29

రెండు రోజులుగా ఆఫీసు ఆజ్ఞతో, బుద్ధిపూర్వకంగా, ఇనుప గోడకి జోకొడుతున్నాను. షకీలా గారు థాంక్స్ చెప్పారు. అక్కడ అందరూ గుర్రుపెట్టి నిద్ర.

ఇక్కడ ఎరుకి కూర్చుని తలుపు చూస్తోంది.

జయమణి మంచిదే, ఊరికే అన్నాను. నా బాధ చూసి కింది చప్పుడు ఫోనులో తెప్పించుకుని నిన్న పిల్లల గదిలో పెట్టింది. పదకొండుమంది పిల్లలూ పడుకున్నారట. మాది ఒక్కటే పడుకోలేదు. సాయంత్రం బస్సులో అడిగాను.

"చప్పుడు వినిపించలేదా నీకు?"

"ఇనిపించింది."

"మరి అమ్మే కదా కొట్టింది? ఇంట్లో ఫోను పక్కన పడుకున్నావు కదా ఆరోజు?"

"ఆరోజు నువ్వు ఉన్నావు," అంది. ఆలోచించి మళ్ళీ చెప్పింది. "ఇది సముద్రంలో వాళ్ళకి కదా అమ్మా. నా ఈపు ఇక్కడుంది."

పక్క సీట్లో పైడితల్లప్ప తమలపాకు నమలడం ఆపింది. నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. పనికి వెళ్ళడం కోసం పిల్లని వదిలాను, అది నాకు తెలుసు, దానికి ఏడవను. కానీ పిల్లది అని నా దగ్గర మిగిలిన ఒక్క పావుగంటనీ సంతకం పెట్టి మరీ అమ్ముకున్నాను. అది తలుచుకుంటే ఏడుపు ఆగలేదు.

రోజు 30

పొద్దున నేనూ పైడితల్లప్పా కలిసి ఢిల్లేశ్వరరావు గారి గదికి వెళ్ళాం. నేను అడగకుండానే ఆవిడ వెంట వచ్చింది.

"రెండూ ఐదు నుంచి మూడుకి పది తక్కువ దాకా నా చేతులు నాకు కావాలి," అన్నాను. "విప్పడానికి పది, పిల్లకి పావుగంట, మళ్ళీ వేసుకోవడానికి ఇరవై."

"పరీచ్చ మీ పేరున ఉందమ్మా. మీరు సంతకం ఎట్టారు."

"సంతకం పెట్టింది కుడిచెయ్యి. జోకొట్టేది ఎడమచెయ్యి. దాన్ని ఎవరూ అడగలేదు."

ఆయన పైడితల్లప్ప వంక చూశారు, ఈవిడకి నువ్వైనా చెప్పు అన్నట్టు.

"నన్నేటి సూస్తావు? ఒంటిగంటన్నర నుంచి అయిదుదాకా నాను ఇక్కడే కదా పడుంటన్నాను. ఎండ నన్ను ఎల్లనిస్తాదా? ఆ ముప్పావుగంటా నాను తొడుగులు ఇప్పను. నాకు రాయి. నలుగురు పిల్లల్ని పెంచినాను, ఓ ఇనప గోడని పడుకోబెట్టలేనేటి?"

"కిందోల్లు ఒప్పుకోవాల కదా," అన్నారాయన. లైను కలిపారు. షకీలా గారు అంతా విన్నారు.

"రత్నం, ఆ టైము నీ పాపది అని నాకు ఎవరూ చెప్పలేదు," అన్నారు. "మేం పెద్దవాళ్ళం. ఎవరు కొట్టినా పడుకుంటాం. పడుకోకపోతే మా ఖర్మ. కాగితం మార్చండి సార్."

ఆయన తల గోక్కుని దరఖాస్తు రాయమన్నారు. ఈసారి కోపం రాలేదు, అక్కడే నిలబడి రాసిచ్చాను. బయటికి వచ్చాక పైడితల్లప్పకి ఏం చెప్పాలో తెలియక చెయ్యి పట్టుకున్నాను.

"ఊరికే కాదొలే," అందావిడ. "బస్సులో సల్లగాలి మీద పడే కిటికీ సీటు నీదే కదా? నెల్లాళ్ళు నాది."

"ఎండాకాలమంతా తీసుకో అప్పా."

రోజు 31

మధ్యాహ్నం విరామంలో అప్పకి నేర్పాను. బల్ల మీద తలగడ పెట్టి, మూడు, ఊపిరి, రెండు. ఆవిడ చెయ్యి బరువు. "మెల్లగా" అంటే, "మెల్లగానే కొడతన్నాను, ఇంతకన్నా మెల్లగా కొడితే గాలికి కొట్టినట్టుంటాది," అంటుంది. మా అమ్మ ఉంటే ఈవిడని కూర్చోబెట్టి మణికట్టు పట్టుకుని మరీ నేర్పేది. నేనూ అలాగే పట్టుకుని నేర్పాను. అమ్మ కొట్టే తట్టు మా ఇల్లు దాటి పోవడం ఇదే మొదలు.

రోజు 34

దరఖాస్తు ఈవేళ మంజూరైంది. నాలుగు రోజుల్లో ఒక ఫైలు కదలడం ఈ ఆఫీసు పుట్టాక జరగలేదట. ఢిల్లేశ్వరరావు గారే ఒడ్డున ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి స్వయంగా మోసుకెళ్ళారని అప్ప చెప్పింది. ఆయన మీద రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మళ్ళీ ఎప్పుడైనా చదువుతారేమో.

రెండూ ఐదుకి తొడుగులు విప్పాను. పక్క కుర్చీలో అప్ప ఎడమచెయ్యి గోడకి ఆనించింది. నలభై రెండు అడుగులు. ఎరుకి బోర్లా పడుకుని ఉంది. నన్ను చూసి లేవలేదు, ఏడవలేదు, కొంచెం జరిగి చోటిచ్చింది. గోడకి చేరగిలబడి కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. నా కుడిపాదం దానంతట అదే నేలని తొక్కింది. తొక్కనీ అనుకున్నాను. ఆపాల్సిన తొడుగు ఇప్పుడు చేతికి లేదు.

అది నిద్రపోయాక కూడా కాసేపు కొట్టాను. అది దానికోసం కాదు.

కిందినుంచి షకీలా గారి కబురు వచ్చింది. కొత్త చెయ్యి పిడకలు కొట్టినట్టు ఉందట. నలుగురూ పడుకున్నారట.

సాయంత్రం యంత్రంలో రోజు నివేదిక నింపుతుంటే, రెండూ ఐదు నుంచి ఆ ముప్పావుగంట ఎర్రగా వెలిగింది. తొడుగులు ఎందుకు ఖాళీగా ఉన్నాయని అడుగుతుంది. అనారోగ్యమా, మరమ్మతా, శిక్షణా అని మూడు గళ్ళే ఇస్తుంది. మూడూ కాదు. కింద "ఇతరం" అని ఒక చిన్న గీత ఉంది. అక్కడ నేను రాసింది ఇది:

తొడుగులు ఖాళీ. చేతులు వాడుకలో ఉన్నాయి.